స్టేడియం గోడ పక్కన ఇల్లు, చేతిలో సంతకం కాగితం

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో రిటైరైన లెక్కల టీచర్ని. ఉద్యోగంలో ఉండగా అప్పు చేసి కట్టుకున్న ఇల్లు. వెనక ప్రహరీ అవతలే స్టేడియం. పాత గ్యాలరీ పెచ్చులూడిపోతోందని దాన్ని కొట్టేసి కొత్తది కడతారట. నాలుగు పెద్ద లైటు స్తంభాలు, సింథటిక్ ట్రాక్, రోడ్డు వైపు షాపులు కూడా వస్తాయంటున్నారు. పనే ఆపాలని మా కాలనీ సంఘం అర్జీ తయారుచేసింది, అవసరమైతే హైకోర్టుకి వెళ్తామంటోంది. పర్యావరణ అనుమతి లేదు, దాంతో కొట్టేయిద్దామని ప్రెసిడెంటు గారు, లైటు స్తంభాలైనా పొట్టిగా పెట్టమందామని సంఘంవాళ్లు అంటున్నారు. మా వీధిలో 42 ఇళ్లు, 39 సంతకాలు అయిపోయాయి. మా ఆవిడకి బీపీ, రాత్రి చప్పుడైతే నిద్ర పట్టదు. ఇంకోపక్క తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు రోజూ తెల్లవారుజామున అదే గ్రౌండులో 400 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తుంది. "తాతయ్యా, నువ్వు సంతకం పెడితే నీతో మాట్లాడను" అంది. పెట్టకపోతే వీధిలో తలెత్తుకోలేను. ఏం చెయ్యమంటారు? అర్జీ నకలు జత చేశాను. ఊరు పేరు రాసినా ఫర్వాలేదు, స్టేడియం పేరూ నా పేరూ వద్దు.

జవాబు:

మాస్టారూ, ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. అలాగని సంఘానికి దూరం కాకండి. కాగితమే మార్చమనండి, మార్చిన కాగితం మీద నలభయ్యో సంతకం మీదే అవ్వాలి.

ఎందుకంటే మీరు పంపిన నకలు చదివాను. "పనులు తక్షణం నిలుపుదల చేయవలసిందిగా ప్రార్థన" అని ఒక్క వాక్యం, కింద 39 పేర్లు. అంతే. ఇలాంటి అర్జీ ఆఫీసులో ఏమవుతుందో నాకు తెలుసు, ఇరవయ్యేళ్లకు పైగా కాంట్రాక్టర్ల దగ్గర సైట్ ఇంజినీరుగా పని చేసినవాణ్ణి. "స్థానికుల అభ్యంతరం, పరిశీలించి తగు చర్య" అని మార్జిన్లో ఓ ముక్క రాసి ఫైల్లో కుడతారు. మీరు ఏమీ అడగలేదు కాబట్టి వాళ్లు ఏమీ చెప్పక్కర్లేదు. అదే "కొత్త గ్రౌండు లెవెల్ మా వీధి లెవెల్ కన్నా ఎన్ని అడుగులు ఎత్తు వస్తుంది" అని ఒక్క ప్రశ్న రాసి ఉంటే, ఎవరో ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) డ్రాయింగు తీసి చూడాల్సి వచ్చేది.

నా అనుభవం ఒకటి చెప్తాను, ఊరి పేరు వద్దులెండి. ఇలాగే ఇళ్ల మధ్య ఉన్న ఒక ఆటస్థలం. వేసవి సెలవుల్లో పాత గ్యాలరీ మీద కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్లు పెట్టారు, మూడు వారాల్లో నేలమట్టం. కూల్చడానికి ఎవరికీ బద్ధకం ఉండదు, పాత ఇనుముకి వెంటనే డబ్బులొస్తాయి. పునాదులకి గోతులు తవ్వి పిల్లర్లకి ఇనుప చువ్వలు నిలబెట్టాక బిల్లు ఆగింది. బిల్లు ఆగితే కాంట్రాక్టరు ఊరుకుంటాడా, మిషన్లు తోలుకుని వేరే సైటుకి పోయాడు. అప్పటిదాకా గొడవ చేసిన వీధివాళ్లు "హమ్మయ్య, ఆగింది" అనుకున్నారు. ఆగిందే, మూడు వర్షాకాలాలు ఆగింది. గోతుల్లో నీళ్లు, నీళ్లలో దోమలు, తుప్పు పట్టిన చువ్వలు, పందులు. రాత్రయితే తాగేవాళ్లు. పిల్లలు ఆడటం మానేశారు, ఆ వీధిలో ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్లు లేకుండా పోయారు. స్టేడియం కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ ఒకే గోతిని చూస్తూ కూర్చున్నారు. జీతం తీసుకుంటూ నేనూ చూశాను, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాగుండదు.

అందుకే అంటున్నాను, మీ వీధి భయపడాల్సింది కొత్త స్టేడియానికి కాదు, సగం స్టేడియానికి. మీ సంఘం హైకోర్టుకి వెళ్లి, కూల్చేసిన మర్నాడు స్టే తెచ్చుకుందనుకోండి, ఆ సగం స్టేడియాన్ని మీ చేతులతో మీరే తెచ్చిపెట్టుకున్నట్టు. కోర్టుకి వెళ్లొద్దని నేను అనను. వెళ్లేదుంటే కూల్చకముందే వెళ్లాలి, దేనికి వెళ్తున్నామో తెలిసి వెళ్లాలి. ఆ మాట షాపుల దగ్గర మళ్లీ చెప్తాను.

కాబట్టి మొదట అడగాల్సింది డబ్బు గురించి. మొత్తం ఎస్టిమేటు ఎంత, అందులో చేతికొచ్చింది ఎంత, మిగతాది ఎవరు ఇస్తారు, ఏ కాగితం మీద ఒప్పుకున్నారు. కేంద్రం వాటా ఉందంటే, ఖేలో ఇండియా లాంటి పథకం పేరు చెప్తే, మంజూరు ఉత్తర్వు నకలు అడగండి. "ప్రతిపాదనలు పంపాం" అంటే మంజూరు కాలేదని అర్థం, మీకు చెప్పక్కర్లేదు. షాపులు వేలం వేసి ఆ డిపాజిట్లతో కడతామంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇక రెండో మాట: గ్రౌండు మొత్తం ఒకేసారి మూసెయ్యొద్దు, సగం సగం చెయ్యండి అనాలి. గ్యాలరీ వైపు పని జరుగుతున్నప్పుడు రెండో వైపు రేకులు కట్టి పిల్లలకి వదిలేయొచ్చు. కాంట్రాక్టరుకి ఇది నచ్చదు, లారీలు తిరగడానికి ఇబ్బంది అంటాడు. నిజమే, ఇబ్బందే. అయినా అడగండి. అది కుదరకపోతే పని అయ్యేదాకా పిల్లలు ఎక్కడ పరిగెత్తాలో, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండా, ఇంకో స్కూలు గ్రౌండా, రాతపూర్వకంగా చెప్పాలి. మీ మనవరాలికి రెండేళ్లు పోతే మామూలుగా రెండేళ్లు పోయినట్టు కాదు, ఆ వయసులో పరుగుకి అవే అసలు ఏళ్లు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఒకటి. మన వైపు ఆటగాళ్లకి లోటు ఎప్పుడూ లేదు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గురించి మన తాతలు చెప్పుకునేవారు. ఆమదాలవలస పక్క ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది, ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆవిడే. విజయనగరం పక్క కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ దాకా వెళ్లి పతకంతో వచ్చింది. బరువులెత్తే ప్లాట్‌ఫాం ఎంతుంటుందో తెలుసా, నాలుగు మీటర్లకి నాలుగు మీటర్లు, మీ ముందు గది కన్నా కాస్త పెద్దది అంతే. వీళ్లని తయారుచేసినవి వేల సీట్ల గ్యాలరీలు కావు. ఆడేవాళ్లకి కావాల్సింది చదునైన నేల, తాళం వెయ్యని మరుగుదొడ్డి, ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది, తాగేనీళ్లు, వేళకి వచ్చే కోచ్. గ్యాలరీ ఉన్నది చూసేవాళ్ల కోసం. మీ ఉత్తరంలో ఉన్న ప్లాను వివరాలు చూస్తే ఖర్చంతా చూసేవాళ్ల వైపే ఉన్నట్టుంది. నన్నడిగితే కాలనీవాళ్లూ క్రీడాకారులూ కలిసి అడగాల్సింది ఇక్కడే: గ్యాలరీ తగ్గించండి, గ్రౌండు పెంచండి. సీట్లు తగ్గితే జనం తగ్గుతారు, బళ్లు తగ్గుతాయి, చప్పుడు తగ్గుతుంది. మీ ఆవిడకి కావాల్సిందీ మీ మనవరాలికి కావాల్సిందీ నిజానికి ఒకటే, మీకు అది కనబడలేదు.

బళ్ల లెక్క మీరే వెయ్యగలరు. గ్యాలరీలో మూడు వేల మంది పడతారనుకుందాం, మూడో వంతు బైకుల మీద వచ్చినా వెయ్యి బైకులు. ఒక్కో బైకుకి, తీసి పెట్టుకునే దారితో కలిపి రెండున్నర చదరపు మీటర్లు వేసుకోండి, మొత్తం 2,500, అంటే అర ఎకరం పైమాటే. ఆ అర ఎకరం ప్లానులో ఎక్కడుందో చూపించమనండి. చూపించలేకపోతే అది మీ వీధే, మీ గేట్ల ముందే. కార్లు ఇంకా లెక్కలోకి రానే లేదు. ఇది చిరాకు ఒక్కటే కాదు, ప్రాణాల మాట కూడా. 2025 జూన్ 4న బెంగళూరులో తొక్కిసలాటలో 11 మంది చనిపోయింది స్టేడియం లోపల కాదు, గేట్ల బయట. అదే ఏడాది నవంబరులో మన కాశీబుగ్గ గుడి దగ్గర జరిగిన తొక్కిసలాట గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. గేట్లు ఎన్ని, అవి ఏ వీధిలోకి తెరుచుకుంటాయి, మీ వీధిలో బళ్లు పెట్టేసి ఉన్నప్పుడు అంబులెన్సూ ఫైరింజనూ ఎలా వస్తాయి, ఇది ఫైర్ ఆఫీసర్ని కూడా అడగాల్సిన ప్రశ్న.

ఇప్పుడు నీళ్లు. నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద సంగతి, మీ అర్జీలోనేమో దీని ఊసే లేదు.

ఇప్పటి మట్టి గ్రౌండు వానని తాగుతుంది. మీ వీధి ఇన్నేళ్లూ మునగకపోవడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు, ఎవరూ గమనించి ఉండరు. ఎనిమిది లేన్ల 400 మీటర్ల ట్రాక్ అంటే దాని చుట్టుకొలత లోపలి స్థలం సుమారు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు, నాలుగెకరాలు. సింథటిక్ పరిచేది ట్రాక్ మీదే అనుకున్నా, దానికి కింద తారో కాంక్రీటో వేస్తారు, దానికి గ్యాలరీ, షాపులు, పార్కింగు, నడిచే దారి కలపండి. నీళ్లు ఇంకని నేల అంతా కలిపి 16,000 చదరపు మీటర్లు అయిందనుకుందాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. తుఫాను రోజున వంద మిల్లీమీటర్లు పడటం మనకి వింత కాదు కదా. అంటే 16 లక్షల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఒక్కొక్కటీ తెచ్చి మీ వీధిలో ఒంపితే 320 ట్యాంకర్లు. ఆ నీళ్లు ఎటు పోవాలి? మురుగు కాల్వలోకి అంటారు. నాగావళి నిండుగా పారుతున్నప్పుడు కాల్వలు నదిలోకి దిగవు, వెనక్కి తంతాయి. పైగా కాంట్రాక్టర్లకి ఒక అలవాటు ఉంది, గ్రౌండు బాగా కనబడాలని గ్రావెల్ పోసి రెండడుగులు లేపుతారు. అప్పుడు పళ్లెంలా ఉన్న గ్రౌండు పీటలా అవుతుంది, మీ వీధి పళ్లెం అవుతుంది. మీ ఇంటి గుమ్మం ఎత్తు ఎంతో ఇప్పుడే కొలిచి రాసుకోండి. కొత్త గ్రౌండు లెవెలు, చుట్టూ వచ్చే కాల్వ వెడల్పు లోతు, అది ఏ పెద్ద కాల్వలో కలుస్తుంది, ఇంకుడు గుంతలు ఎన్ని, ఇవన్నీ డ్రాయింగు మీద చూడకుండా ఒప్పుకోకండి. లైట్లు రాత్రి పదికి ఆపేయొచ్చు. ఒకసారి లేపిన నేలని మళ్లీ ఎవరూ దింపరు.

లైట్ల గురించి మీ సంఘంవాళ్లు అడుగుతున్నది తిరగబడింది. "స్తంభాలు పొట్టిగా పెట్టండి" అంటున్నారట. పొట్టి స్తంభం మీద లైటు గ్రౌండు మధ్యకి వెలుగు పడాలంటే మొహం పైకెత్తుకోవాలి, అప్పుడు సూటిగా మీ పడగ్గదిలోకే కొడుతుంది. ఎత్తు స్తంభం మీద అయితే కిందికి వంచొచ్చు. కాబట్టి ఎత్తుగానే పెట్టమనండి, లైట్లకి వెనక మూతలు పెట్టమనండి, మీ ప్రహరీ దగ్గర వెలుతురు ఎంత పడుతుందో లెక్క కట్టిన కాగితం చూపించమనండి, పెద్ద కంపెనీలు అది ఎలాగూ తయారుచేస్తాయి. రోజూ ప్రాక్టీసుకి టీవీ మ్యాచ్‌లకి పెట్టేంత వెలుతురు అక్కర్లేదు, అందులో అయిదో వంతుతో ఆడేసుకోవచ్చు, అందుకని సగం లైట్లు వేరే స్విచ్చి మీద ఉండాలి. కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది, ఆ మాట చెప్తే ఆఫీసర్లు తొందరగా వింటారు. ఒకటి మాత్రం గట్టిగా అడగండి, గాలికి ఆ స్తంభాలూ గ్యాలరీ మీది రేకులూ ఎంత వేగానికి తట్టుకుంటాయి అని. కట్టడాలు ఎంత గాలికి తట్టుకోవాలో చెప్పే కోడు ప్రకారం విశాఖకి లెక్క సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూశాం, 2018 అక్టోబరులో తిత్లీకి ఉద్దానం కొబ్బరిచెట్లు ఏమయ్యాయో చూశాం. గ్యాలరీ రేకు ఎగిరితే వచ్చి పడేది మీ డాబా మీదే.

ఇక చప్పుడు. అమ్మగారి నిద్ర. దీంట్లో కట్టుబడి చప్పుడు వేరు, వాడకం చప్పుడు వేరు. బ్రేకర్లూ టిప్పర్లూ ఏడాదో రెండేళ్లో, దానికి రాత్రి పని వద్దని, స్కూలు వేళల్లో టిప్పర్లు వద్దని, దుమ్ముకి నీళ్లు కొట్టి ఆకుపచ్చ వలలు కట్టమని అడగండి, ఇచ్చేస్తారు. ఆ కొన్నాళ్లు అమ్మగారి మంచం వీధి వైపు గదిలోకి మార్చండి, లేదా కూతురింటికో కొడుకింటికో పంపండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

వాడకం చప్పుడు అలా కాదు, అది ఎప్పటికీ ఉంటుంది. పరిగెత్తే పిల్లలు చప్పుడు చెయ్యరు మాస్టారూ. చప్పుడు చేసేది సభలు, ఎగ్జిబిషన్లు, సినిమా ఫంక్షన్లు, పెళ్లిళ్లకి అద్దెకివ్వడాలు. కొత్తగా కట్టిన స్టేడియానికి నిర్వహణ డబ్బులు కావాలి, ఆటలు డబ్బులివ్వవు, అద్దెలు ఇస్తాయి. ఇది ఎవరి చెడ్డతనమూ కాదు, ప్రతి ఊళ్లోనూ అంతే జరుగుతుంది. మీకు చట్టం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా వస్తుందంటే 45 ఎంత తక్కువో చూడండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు, పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ మాత్రం ప్రభుత్వం 12 దాకా సడలించొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకి మించకుండా. కానీ చట్టం ఉందని మైకు దానంతటది ఆగదు కదా, ఆ రాత్రి పోలీసులకి ఫోన్ చేసేది మీరు, స్టేజీ మీద కూర్చున్నది ఎవరో మీకు తెలుసు. అందుకని ఇప్పుడే, ఇంకా కట్టకముందే, వాడకం నిబంధనలు రాయించుకోండి. ఏడాదికి ఆటలు కాని కార్యక్రమాలు ఎన్ని రోజులు, స్టేజీ ఎటు వైపు మొహం పెట్టాలి (మీ వైపు మాత్రం కాదు), స్పీకర్లు ఎక్కడ, జనరేటరు ఎక్కడ, మర్నాడు పొద్దున ప్రాక్టీసు వేళకి చెత్త ఎవరు ఎత్తాలి, గ్రౌండులోకి లారీలు రావచ్చా. ఆగస్టు 15, జనవరి 26 పెరేడ్లని ఎవరూ కాదనరు, అవి వదిలేయండి. మిగతా వాటికి అంకె వేయించండి. సింథటిక్ ట్రాక్ మీద ఒక్కసారి స్టేజీ లారీ తిరిగిందంటే ఆ ట్రాక్ పని అయిపోయినట్టే, ఈ ముక్క మీ మనవరాలి కోచ్ చేత చెప్పించండి. జిల్లా క్రీడా ప్రాధికార సంస్థకి ఛైర్మన్ కలెక్టరే, కాబట్టి రెండు వైపుల మాటా ఒకే బల్ల దగ్గరికి వెళ్తుంది.

షాపులు. రోడ్డు వైపు గదులు కట్టి అద్దెకివ్వడం మన ఊళ్లలో పాత పద్ధతే. పది గదులు వస్తే పెద్ద గొడవ కాదు. కానీ షాపులు గేట్లని మింగేసి, గాలి రాకుండా చుట్టూ గోడలా నిలబడి, చివరికి ఆటస్థలం కాస్తా కాంప్లెక్సు వెనక పెరడులా మారిపోతే అప్పుడు కోర్టుకి వెళ్లండి, నేనూ మీతో వస్తాను. 1991లో సుప్రీంకోర్టు బెంగళూరు కేసు ఒకదాంట్లో, పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదంది, ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి అడిగే హక్కు ఉందని కూడా చెప్పింది. అంటే మాస్టర్ ప్లానులో ఆ స్థలం ఏ వాడకం కింద ఉందో, షాపులకి ఎంత శాతం పోతుందో మీకు కావాలి. మీ ప్రెసిడెంటు గారు "పర్యావరణ అనుమతి లేదు, దాంతో కొట్టేయిద్దాం" అంటున్నారని రాశారు. కట్టడం విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితేనే ఆ అనుమతి మాట వస్తుంది, మీరు చెప్పిన ప్లాను అంతకి వెళ్లదు. ఆ దారిలో లాయరు ఫీజు తప్ప ఏం రాదు. చెట్ల సంగతి వేరు, గోడ వెంబడి ఉన్న నిద్రగన్నేరు చెట్లు కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి ఉండాలి, అది అడగండి.

ఇవన్నీ ఎక్కడ అడగాలి అంటారు. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి, కార్పొరేషన్ ఆఫీసులో, ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. డీపీఆర్ (పని మొత్తం వివరాల రిపోర్టు), మంజూరు ఉత్తర్వు, టెండరు షరతులు, లెవెల్స్ ఉన్న డ్రాయింగు, మట్టి పరీక్ష రిపోర్టు అడగండి. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ 2005 చట్టంలోనే పని జరుగుతున్న చోటికి వెళ్లి చూసే హక్కు, వాడుతున్న సామాన్ల నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఇక సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి కొత్త అర్జీ. ముప్పై తొమ్మిది మంది కలిసి వెళ్లకండి, నలుగురు చాలు, అందులో ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు ఆ గ్రౌండులో ఆడే పిల్లల తల్లో తండ్రో. వీధివాళ్లూ ఆటలవాళ్లూ ఒకే కాగితం పట్టుకుని వస్తే అవతలి కుర్చీలో ఉన్నవాళ్లకి "ఇది మామూలు కాలనీ గొడవ" అనడానికి వీలుండదు.

మీ ఇంటి గోడల మాట. పాత గ్యాలరీ కొట్టేటప్పుడు అదురుతుంది, పైల్స్, అంటే పునాది కోసం నేల లోతుకి దించే స్తంభాలు, దించేటప్పుడు ఇంకా అదురుతుంది. పైల్స్ వేస్తే సుత్తితో దిగ్గొట్టే రకం కాకుండా బోరు వేసి కాంక్రీటు పోసే రకం వెయ్యమనండి, ఇళ్ల మధ్య అదే మర్యాద. అయినా బీటలు వస్తే "ఇవి పాతవే" అంటారు, నేనూ ఆ మాట అన్నవాణ్ణే. కాబట్టి పని మొదలవకముందే వీధిలో ప్రతి ఇంట్లో ప్రతి గోడా ఆ రోజు పేపరు పక్కన పెట్టి ఫోటో తీయండి. ఇప్పుడే ఉన్న బీటలకి రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి తేదీ వెయ్యండి. పెద్ద బీట ఉంటే దానికి అడ్డంగా సన్నటి గాజుముక్క గట్టి జిగురుతో అంటించండి, గోడ కదిలితే గాజు పగులుతుంది, దానికి సాక్ష్యం ఇంకేమీ అక్కర్లేదు. ఫోటోలన్నీ ఒక సెట్టు చేసి ఆఫీసులో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. మీ ఇన్నేళ్ల ఉద్యోగంలో మార్కుల రిజిస్టర్లు రాశారు కదా, ఈ పని మీకన్నా బాగా చేసేవాళ్లు వీధిలో ఉండరు. ఆ బాధ్యత మీరు తీసుకోండి. సంతకం పెట్టలేదేమని అడగడానికి వచ్చినవాళ్ల ఇంటికి మీరు ఫోన్ పట్టుకుని గోడలు ఫోటో తీయడానికి వెళ్లారనుకోండి, ఇంక తలెత్తుకోలేకపోవడం ఏముంది?

ప్రెసిడెంటు గారికి మాత్రం మీటింగులో అందరి ముందూ చెప్పకండి, ఆయన రాసిన అర్జీని మీరు తప్పుపట్టినట్టు ఉంటుంది. సాయంత్రం ఒక్కరే వెళ్లండి. "మీరు మొదలుపెట్టారు కాబట్టే ఇంతమంది కదిలారు, దీనికి ఈ నాలుగు ప్రశ్నలు కలిపితే వాళ్లు తప్పించుకోలేరు" అనండి. అది అబద్ధం కూడా కాదు. ఆయన ఒప్పుకోకపోతే, అప్పుడు మీరు విడిగా మీ ఒక్కరి పేరుతో ఆ ప్రశ్నలు పంపండి, నకలు ఆయనకే ఇవ్వండి.

మనవరాలికి కూడా ఒక మాట చెప్పాలి. "నీతో మాట్లాడను" అంది సరే, పిల్లకేం తెలుసు నాయనమ్మ రాత్రంతా ఎలా దొర్లుతుందో. కొత్త అర్జీ ఆ పిల్ల చేత చదివించండి. ట్రాక్ ఎలా ఉండాలో, ఆడపిల్లల గది ఎక్కడుండాలో ఆ పేరా ఆ పిల్లనే రాయమనండి. పెద్దవాళ్లం మనకి తెలియని సంగతులు రాస్తుంది చూడండి, పొద్దున అయిదింటికి గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది లాంటివి.

గాజుముక్కలు ఈ వారంలోనే అంటించండి, బ్రేకరు వచ్చాక అంటిస్తే పనికిరాదు. సమాచార హక్కు జవాబు వచ్చాక ఆ లెవెల్స్ డ్రాయింగు నాకు పంపండి, చూసి చెప్తాను. ఇంకొకటి, ఆ పిల్ల 400 మీటర్లు ఎన్ని సెకన్లలో పరిగెడుతోందో మీరు రాయనే లేదు, లెక్కల మాస్టారై ఉండి.